మా బడికి ఏడాదికి 25,000 వస్తోంది, 96 మంది పిల్లలు. బాత్రూములు కడిగించడానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

టైలరక్క, మున్నేకొళాల:

మా పాప వాటర్ బాటిల్ పొద్దున ఎలా నింపి పంపిస్తానో సాయంత్రం అలాగే తిరిగొస్తోంది. జులై నుంచి ఇదే వరస. మొదట ఆటల్లో పడి మర్చిపోతోందేమో అనుకున్నాను. ఆగస్టులో ఒకరోజు మూత్రం పోసేటప్పుడు మంట అని ఏడిస్తే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పాపను అడిగిన మొదటి మాట, "స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్తావా తల్లీ?" అని. పాప నా మొహం చూసి తల అడ్డంగా ఊపింది. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా గుక్కెడు కూడా తాగడం లేదట. తొమ్మిదేళ్ల పిల్ల. తన క్లాసులో ఆడపిల్లలంతా అంతేనంది.

నా గురించి రెండు మాటలు చెప్తాను. మాది మదనపల్లె పక్కన పల్లె. బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. మా ఆయన క్యాబ్ నడుపుతాడు, నేను ఇంట్లోనే జాకెట్లు, చుడీదార్లు కుడతాను. పాప నాలుగో తరగతి, బాబు ఒకటి. ఇద్దరూ మారతహళ్లి వైపు ఒక ప్రభుత్వ బడిలో చదువుతున్నారు, ఒకటి నుంచి ఐదు వరకు ఉంది. చదువు గురించి నాకు ఏ బాధా లేదు. బాబు నలి-కలి (ఇక్కడి బడుల్లో ఆటపాటలతో నేర్పే పద్ధతి) కార్డులు ముందేసుకుని నాకే కన్నడ నేర్పిస్తున్నాడు. జూన్‌లో తల్లిదండ్రులంతా కలిసి నన్ను ఎస్‌డీఎంసీ, అంటే బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ అధ్యక్షురాలిని చేశారు. చెక్కు మీద హెడ్ మేడమ్ సంతకం పక్కన నా సంతకం కూడా ఉండాలట. అందుకే లెక్కల పుస్తకం నాకు కూడా చూపించమని అడిగాను. మేడమ్ ఏమీ అనుకోలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మొత్తం చూపించారు.

ఏడాదికి వచ్చే గ్రాంటు 25,000. నవంబరు దాకా అయిన ఖర్చు ఇది. రిజిస్టర్లు, సుద్దముక్కలు, పేపర్లు, జిరాక్సులు 5,200. బోరు మోటారు రిపేరు 4,700. ఫినాయిలు, యాసిడ్, చీపుర్లు, బకెట్లు 3,150. ఆగస్టు 15కి, నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవానికి కలిపి 2,400. ట్యూబ్‌లైట్లు, ఒక స్విచ్‌బోర్డు 2,350. ప్రింటరు ఇంకు 1,900. తాగునీటి ఫిల్టరుకు 1,800. మొత్తం 21,500. మిగిలింది 3,500. దాంతో మార్చి దాకా లాగాలి.

ఇందులో అనవసరమైన ఖర్చు ఏదైనా ఉందా అని నేను రెండుసార్లు చూశాను. బట్ట కొలిచి కొలిచి కత్తిరించే పని నాది, గుడ్డముక్క వృథా అయితే నాకు తెలుస్తుంది. ఇక్కడ అలాంటిది కనబడలేదు.

బాత్రూములు కడగడానికి పోయిన ఏడాదంతా మేడమ్ తన జీతంలోంచి నెలకు 3,000 ఇచ్చి ఒకామెను పెట్టుకున్నారు. ఆమె మే నెలలో మానేసింది. చుట్టూ అన్నీ అపార్ట్‌మెంట్లే, వాళ్లు ఇంకా ఎక్కువ ఇస్తారు. ఇప్పుడు 4,500కు తక్కువైతే ఎవరూ రామంటున్నారు. బడి నడిచే పది నెలలకు 45,000 అవుతుంది. మాకు వచ్చే మొత్తం గ్రాంటే 25,000. ఇప్పటికి నేను, ఇంకో ఇద్దరు తల్లులు వంతులేసుకుని శనివారాలు కడుగుతున్నాం. సోమవారం మధ్యాహ్నానికి మళ్లీ మామూలే. పిల్లల చేత ఆ పని చేయించడానికి మేడమ్ ఒప్పుకోరు, మేమూ ఒప్పుకోం.

25,000ను 96తో భాగిస్తే ఒక్కో పిల్లకు 260 రూపాయలు. ఏడాదికి 200 రోజులు బడి అనుకుంటే రోజుకు రూపాయి ముప్పై పైసలు.

నేను అడగాలనుకున్నవి: ఈ 25,000 అనేది ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు? ప్రతి ఇంటి నుంచి నెలకు 100 రూపాయలు తీసుకుందాం అని కొందరు తండ్రులు అంటున్నారు, అది తప్పా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. డిసెంబరు మొదటి శనివారం మాకు మీటింగ్ ఉంది.


వైట్‌ఫీల్డ్ నాన్న:

అక్కా, చదివి మనసు పాడైంది. మా పాపకూ తొమ్మిదేళ్లే. మాది ప్రైవేటు స్కూలు.

నాకు ఒక విషయం అర్థం కావడం లేదు. ఆర్టీఈ (విద్యా హక్కు చట్టం) కింద ప్రైవేటు స్కూల్లో ఒక పేద పిల్లను చేర్చుకుంటే కర్ణాటక ప్రభుత్వం ఏడాదికి 16,000 దాకా స్కూలుకు కడుతుంది. తన సొంత బడిలో పిల్లకు 260 ఇస్తోంది. ఇది ఎక్కడి న్యాయం?

ఇంకో సంగతి. మా కంపెనీలో సీఎస్ఆర్ (సమాజ సేవకు కంపెనీ పెట్టే ఖర్చు) చూసే వాళ్లు రెండేళ్ల కిందట ఒక ప్రభుత్వ బడికి రంగులు వేయించారు, బెంచీలు ఇచ్చారు. నేను కూడా ఒక ఆదివారం వెళ్లి గోడ మీద బొమ్మలు వేసి వచ్చాను. మీ బడి గురించి వాళ్లను అడగమంటారా?


పావగడ మాస్టారు:

అమ్మా, నేను ప్రభుత్వ బడుల్లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా. మీరు లెక్కల పుస్తకం అడిగి మంచి పని చేశారు. ఆర్టీఈ చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూసే బాధ్యత కమిటీది. అడిగితే మేడమ్ నొచ్చుకుంటారేమో అని ఎప్పుడూ అనుకోకండి.

మీకు వచ్చేదాన్ని కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ అంటారు. ఇది సమగ్ర శిక్ష పథకం డబ్బు, కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పెట్టుకుంటాయి. మా రోజుల్లో సర్వశిక్షా అభియాన్ కింద స్కూల్ గ్రాంటు వేరు, మరమ్మతు గ్రాంటు వేరు, ఒక్కో టీచరుకు బోధన సామగ్రికి 500 వేరు. ప్రైమరీ బడికి స్కూల్ గ్రాంటు 5,000 వచ్చేది. ఆ 500తో చార్టులు, రంగు పెన్సిళ్లు కొనుక్కున్న రోజులు నాకు బాగా గుర్తు. 2018లో సమగ్ర శిక్ష వచ్చినప్పుడు ఇవన్నీ కలిపి ఒకే గ్రాంటు చేశారు.

అది తలకింత అని లెక్కగట్టి ఇచ్చేది కాదు, శ్లాబుల ప్రకారం ఇచ్చేది. 30 మంది వరకు 10,000. 31 నుంచి 100 వరకు 25,000. 101 నుంచి 250 వరకు 50,000. 251 నుంచి 1,000 వరకు 75,000. ఆపైన లక్ష. యూడైస్ ప్లస్‌లో, అంటే దేశంలోని బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్కలో, ఎక్కిన పిల్లల సంఖ్యను బట్టి మీ బడి ఏ శ్లాబో తేలుతుంది. మీ 96 రెండో శ్లాబు చివర ఉంది. ఇంకో ఐదుగురు ఉంటే మీకు 50,000 వచ్చేది.

ఆ డబ్బులో కనీసం పది శాతం శుభ్రతకు వాడాలని నియమం ఉంది. మీరు ఫినాయిలు, చీపుర్లకే 3,150 పెట్టారు కాబట్టి అది దాటేశారు. అయినా 25,000లో పది శాతమంటే 2,500, మీ దగ్గర మనిషికి నెల జీతం కూడా కాదు.

మిగిలిన 3,500 మార్చి 31 లోపు వాడేయండి. ఇప్పుడు డబ్బు పాత రోజుల్లా బడి ఖాతాలో పడి ఉండదు, వాడుకోవడానికి లిమిట్ మాత్రమే ఇస్తారు. ఏడాది దాటితే అది వెనక్కి పోతుంది.

నెలకు 100 రూపాయల సంగతి. 2022 అక్టోబరులో సరిగ్గా ఇదే వచ్చింది. ఎస్‌డీఎంసీలు తల్లిదండ్రుల నుంచి నెలకు 100 విరాళం తీసుకోవచ్చని ఇక్కడ విద్యాశాఖ సర్క్యులర్ ఇచ్చింది. పెద్ద గొడవ అయింది, వెంటనే ఉపసంహరించుకున్నారు. చట్టంలో 3వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది, పిల్ల చదువు పూర్తి చేయడానికి అడ్డమయ్యే ఏ ఫీజూ, ఏ ఖర్చూ తీసుకోకూడదు. ఎవరైనా ఇష్టంగా ఇస్తే ఎస్‌డీఎంసీ ఖాతాలో వేసి రసీదు ఇవ్వండి. ఇంటికింత అని రేటు మాత్రం పెట్టకండి. రేటు పెట్టిన రోజు నుంచి ఇవ్వలేని తల్లి బడి గేటు దగ్గరికి రావడం మానేస్తుంది. మా బడిలో ఒకసారి స్కూల్ డే ఖర్చుకని తలా 20 రూపాయలు అడిగాం. ఇవ్వలేని ఇద్దరు పిల్లలు వారం రోజులు రాలేదు. ఆ 20 నేను ఎందుకు అడిగానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

వైట్‌ఫీల్డ్ బాబూ, మీ ఆవేదన నాకు అర్థమైంది, కానీ 16,000ను 260తో పోల్చకూడదు. 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్కూలుకు ఇచ్చేది, ప్రభుత్వం తన బడుల్లో ఒక్కో పిల్లకు పెట్టే ఖర్చు గానీ, ఆ స్కూలు అసలు ఫీజు గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది. ప్రభుత్వం పెట్టే ఆ ఖర్చులో టీచర్ల జీతాలున్నాయి, నిజానికి చాలా భాగం అవే. 260 అనేది జీతాలు పోగా బడి తలుపు తీసి నడపడానికి ఇచ్చేది. నన్నడిగితే అసలు లోపం అక్కడే ఉంది. జీతాలకు లోటు రానివ్వరు, భవనానికి ఎప్పుడో ఒకప్పుడు డబ్బు వస్తుంది. రోజూ కావలసిన చీపురు, బల్బు, నీళ్లు, కడిగే మనిషి, వీటికే చేయి రాదు.


టైలరక్క:

మాస్టారూ, చాలా థాంక్స్. మీరు రాసింది రాత్రి మూడుసార్లు చదివాను. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. 30 మంది ఉన్న బడికి తలకు 333 వస్తుంది. ఒక్క పిల్ల పెరిగి 31 అయితే 806. అదే 100కి చేరేసరికి 250. 101 అయితే 495. 250 దగ్గర మళ్లీ 200. 1,000 మంది ఉన్న బడిలో తలకు 75 రూపాయలే. నాకు అర్థం కానిది ఒకటే. 31వ పిల్ల రాగానే 15,000 పెరిగే బడిలో, 32వ పిల్ల నుంచి 100వ పిల్ల దాకా ఒక్క రూపాయి కూడా ఎందుకు పెరగదు? ఆ 69 మంది పిల్లలకు సుద్దముక్కలు అక్కర్లేదా, బాత్రూమ్‌కి వెళ్లరా?

మధ్యాహ్నం అన్నానికైతే ఇలా చేయరు కదా. మా బడికి అక్షయపాత్ర బండి వస్తుంది. ఆ రోజు ఎంతమంది వచ్చారో మేడమ్ లెక్క పంపుతారు, అంతమందికే వస్తుంది. అన్నం లెక్క తలకింత అయినప్పుడు బడి లెక్క మాత్రం గుంపుకింత ఎందుకయింది?

నాకు తోచింది చెప్తాను. పెద్ద చదువులు లేవు నాకు. జాకెట్టు కుట్టేటప్పుడు లైనింగు, హుక్కులు, దారం ఎవరికి కుట్టినా ఒకటే ఖర్చు. గుడ్డ మాత్రం మనిషిని బట్టి. బడికీ అలాగే ఇవ్వాలి. తలుపు తెరిచినందుకు ఇంత అని ఒక మొత్తం, ఆపైన ప్రతి పిల్లకూ ఇంత. కడిగే మనిషి జీతం ఈ రెండింటిలోనూ కలపకుండా విడిగా ఇవ్వాలి.

వైట్‌ఫీల్డ్ అన్నా, మీరు అడిగినందుకే సంతోషం. మా బడికి కూడా రెండేళ్ల కిందట ఎవరో వచ్చి బాత్రూములకు టైల్స్ వేయించి వెళ్లారట. అందమైన టైల్స్, గులాబీ రంగువి. కడిగే మనిషి లేక ఇప్పుడు వాటి రంగు కనబడదు. మీ వాళ్లను అడిగితే టైల్స్ వద్దనండి, పది నెలల జీతం ఇవ్వగలరా అని అడగండి.


చిత్తూరు టీచరమ్మ:

టైలరక్కా, నేను మన వైపే ప్రభుత్వ స్కూల్లో పనిచేస్తాను. ఆంధ్రాలో ఈ పనికి వేరే దారి పట్టారు. 2021లో అమ్మ ఒడి డబ్బులోంచి ఒక్కో తల్లి తరఫున 1,000 రూపాయలు పక్కకు తీసి టాయిలెట్ మెయింటెనెన్స్ ఫండ్ పెట్టారు. మరుసటి ఏడాది స్కూల్ మెయింటెనెన్స్‌కి ఇంకో 1,000 తీశారు. అందుకే 15,000 అన్నది తల్లుల చేతికి 13,000గా వచ్చింది. 2025లో తల్లికి వందనం పేరుతో ఇచ్చినప్పుడూ అంతే, 13,000 తల్లికి, 2,000 బడుల నిర్వహణకు. ఆ ఫండ్ నుంచి బాత్రూములు కడిగే ఆయాకు నెలకు 6,000 జీతం.

తల్లులకు ఇచ్చేదాంట్లోంచి ఎందుకు కోయాలి, ప్రభుత్వం విడిగా ఇవ్వొచ్చు కదా అని మా పిల్లల తల్లులు అడిగారు, వాళ్ల మాట నిజమే. కానీ ఒకటి చెప్పాలి. ఆయా అనే ఒక మనిషి పేరు, జీతం కాగితం మీదికి వచ్చాక, కడగలేదేమని అడిగే హక్కు అందరికీ వచ్చింది. అంతకుముందు ఎవరిని అడగాలో తెలిసేది కాదు. మా బడిలో ఆడపిల్లలు ఇప్పుడు ఇంటర్వెల్‌లో వరస కడుతున్నారు.

ఇంకో చిన్న విషయం. లోపల గడియ పడుతోందా చూడండి. మా దగ్గర కడిగించాక కూడా పిల్లలు వెళ్లలేదు. చూస్తే గడియ విరిగి ఉంది. నలభై రూపాయల గడియ అది.


టైలరక్క:

టీచరమ్మా, ఈ రోజే చూశాను. రెండింటిలో ఒకదానికి గడియ లేదు. మా ఆయన సాయంత్రం వెళ్లి బిగిస్తానన్నాడు.

మాస్టారూ, మీతో ఒక విషయం చెప్పాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మా హాజరు పట్టీలో 96 మంది ఉన్నారు గానీ క్లాసుల్లో కూర్చునేది 96 మంది కాదు. ఇంకో 13 మంది ఉన్నారు. బడి వెనక పెద్ద అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అక్కడి రేకుల షెడ్లలో ఉండేవాళ్ల పిల్లలు. కొందరు రాయచూరు వైపు, కొందరు ఆదోని వైపు. జులై, ఆగస్టుల్లో వచ్చారు. టీసీ లేదు, కొందరికి ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితం అసలే లేదు. మేడమ్ మంచిమనిషి, వెనక్కి పంపలేక కూర్చోబెట్టుకున్నారు. పేర్లు మాత్రం స్యాట్స్‌లో (కర్ణాటకలో పిల్లల పేర్లు ఎక్కించే ఆన్‌లైన్ రికార్డు) ఎక్కలేదు. అన్నం లెక్కలో వీళ్లు లేరు కాబట్టి ఉన్నదే అందరికీ సర్దుతున్నారు.

ఆదోని పిల్లలు నాతో తెలుగులో మాట్లాడతారు. ఒక పాప నన్ను 'పిన్నీ' అంటుంది. వాళ్ల అమ్మ ఇటుకలు మోస్తుంది, ఏడో నెల గర్భం.

96కి 13 కలిపితే 109. అంటే మాది రెండో శ్లాబు కాదు, మూడో శ్లాబు. కానీ డబ్బు కోసం పేర్లు ఎక్కించారని రేపు ఎవరైనా మేడమ్‌ను అంటారేమో అని నాకు టెన్షన్‌గా ఉంది.


పావగడ మాస్టారు:

అమ్మా, ఎవరో ఏదో అంటారని భయపడాల్సిన పని లేదు. లేని పిల్లను ఉన్నట్టు రాస్తే నేరం. ఉన్న పిల్లను రాయకపోవడం కూడా తప్పే. మీ బడిలో ఇప్పుడు జరుగుతున్నది ఆ రెండో తప్పు.

చట్టం ఆ పిల్లల పక్షానే ఉంది. 4వ సెక్షన్: బడి మానేసిన పిల్లను, ఎప్పుడూ చేరని పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. 5వ సెక్షన్: టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, టీసీ ఇవ్వడం ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయుడి మీదే చర్య. 14వ సెక్షన్: వయసు కాగితం లేదని కాదనకూడదు. 15వ సెక్షన్: గడువు దాటిందని కాదనకూడదు. మేడమ్‌కు ఇవి తెలిసే ఉంటాయి. కాకపోతే ఒంటరిగా ముందుకు వెళ్లడానికి జంకుతున్నారు. ఆమెకు కావలసింది కమిటీ తీర్మానం. మీ శనివారం మీటింగులో పదమూడు పేర్లూ, ఎప్పటి నుంచి వస్తున్నారో రాసి, చేర్చుకోవాలని తీర్మానం చేసి, అందరూ సంతకాలు పెట్టండి. ఒక కాపీ సీఆర్‌పీకి (చుట్టుపక్కల బడులను చూసే క్లస్టర్ అధికారి), ఒకటి బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

దాంతో ఇంకో లాభం కూడా ఉంది. 91 నుంచి 120 దాకా నలుగురు టీచర్లు ఉండాలి. 120 దాటి 200 దాకా ఐదుగురు. 109 ఉంటే ఇద్దరు పిల్లలు వెళ్లిపోయినా, నలుగురు వెళ్లిపోయినా మీ నాలుగో టీచరు పోస్టుకు ముప్పు రాదు. 96 దగ్గర ఆరుగురు తగ్గితే ప్రమాదం.

గ్రాంటు మాత్రం ఈ ఏడాదికి మారదు, లెక్క వచ్చే ఏడాదిలో కనబడుతుంది. ఈలోపు 22వ సెక్షన్ కింద బడి అభివృద్ధి ప్రణాళిక రాయండి. అది కమిటీ చేయాల్సిన పని, గ్రాంట్లకు అదే ఆధారం కావాలని చట్టంలో ఉంది. చాలా బడుల్లో పోయిన ఏడాది కాగితాన్నే తేదీ మార్చి పంపుతారు. మీరు అలా చేయకండి. "ఆడపిల్లలు నీళ్లు తాగడం లేదు" అని మొదటి వాక్యం రాయండి. తర్వాత మీ 21,500 లెక్క, 45,000 లెక్క పక్కపక్కన పెట్టండి.

కరెంటు, నీళ్ల బిల్లులు మీ లెక్కలో కనబడలేదు. ప్రభుత్వ బడులకు అవి ఉచితమని 2023 నవంబరు 1న ముఖ్యమంత్రి ప్రకటించారు. మీకు బిల్లు వస్తోందా లేదా ఒకసారి కనుక్కోండి.


పెరంబూరు తెలుగువాడు:

నేను చెన్నైలో ఉంటాను, మాది మూడు తరాలుగా ఇక్కడే. తలకింత అన్న మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 1920లో మద్రాసు కార్పొరేషన్‌కు పిట్టి త్యాగరాయ చెట్టిగారు అధ్యక్షుడు, మన తెలుగు మాట్లాడే ఇంటివారే. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టాలని తీర్మానం చేసినప్పుడు, రోజుకు ఒక్కో పిల్లకు అణాకు మించకుండా అని రాశారు. పిల్ల పెరిగితే అణా పెరుగుతుంది. తర్వాత ప్రాథమిక విద్య నిధి నుంచి టిఫిన్‌కు ఖర్చు పెట్టకూడదని ప్రభుత్వం అనడంతో 1925లో ఆగిపోయింది. అందుకే అక్కా, ఎంత డబ్బు కావాలో రాయడంతోపాటు అది ఏ పద్దు కింద రావాలో కూడా మీ ప్రణాళికలో రాయించండి. పద్దు పేరు లేని డబ్బును ఆపడం చాలా సులువు.


వైట్‌ఫీల్డ్ నాన్న:

అక్కా, కంపెనీలో అడిగాను. జీతాలకు ఇవ్వరట, వస్తువులైతే చూస్తామన్నారు. ఒకసారి ఇచ్చి ఫొటో తీసుకోగలిగినవే వాళ్లకు వీలవుతాయట. నాకు చాలా నిరాశగా అనిపించింది. మా ఫ్లోర్‌లో మేం తొమ్మిదిమంది కలిసి మార్చి దాకా నాలుగు నెలలకు 18,000 ఇస్తాం. మాస్టారు చెప్పినట్టు ఎస్‌డీఎంసీ ఖాతాకే పంపుతాం, రసీదు ఇవ్వండి. బోర్డు వద్దు, పేర్లు వద్దు. కానీ వచ్చే జూన్ నుంచి ఇది మా వల్ల కాకుండా ప్రభుత్వం వల్ల నడవాలని నా కోరిక.


టైలరక్క:

మీటింగ్ అయింది. రాత్రే రాద్దామనుకున్నాను, పండగ బట్టల గిరాకీ వల్ల కుదరలేదు.

తీర్మానం రాశాం. పద్దెనిమిది మంది తల్లిదండ్రులు వచ్చారు, ఎప్పుడూ నలుగురైదుగురు మించి వచ్చేవాళ్లు కాదు. నెలకు 100 మాట మళ్లీ వచ్చింది. మాస్టారు చెప్పిన 20 రూపాయల సంగతి నేను చెప్పాను. ఆ మాట తెచ్చిన తండ్రి కాసేపు ఊరుకుని, సరేలేమ్మా అన్నాడు. షెడ్ల నుంచి ఆదోని పాప వాళ్ల అమ్మ కూడా వచ్చింది. అందరి ముందు కూర్చోవడానికి సిగ్గుపడి గుమ్మం దగ్గరే నిలబడింది. వేలిముద్ర వేయమంటే, సంతకం వచ్చు అని మెల్లగా తన పేరు తెలుగులో రాసింది.

మేడమ్ సోమవారం నుంచి పేర్లు ఎక్కించడం మొదలుపెట్టారు. పదకొండు అయ్యాయి. ఇప్పుడు 107. ఆ రోజు నుంచి అన్నం కూడా 107 లెక్కనే వస్తోంది.

వైట్‌ఫీల్డ్ అన్నా, డబ్బు అందింది, రసీదు నంబరు మీకు మెసేజ్‌లో పంపాను. కడిగే ఆమె మంగళవారం నుంచి వస్తోంది, పొద్దున ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి. పాప బాటిల్ నిన్న సగం ఖాళీ అయింది. ఇవాళ మళ్లీ నిండుగానే వచ్చింది. అలవాటు పోవడానికి రోజులు పట్టేలా ఉంది. రోజూ అడుగుతున్నాను.

ప్రణాళిక రాయడం ఇంకా పూర్తి కాలేదు. కన్నడలో రాసేది ఐదో తరగతి టీచరు, చెప్పేది నేను. మొదటి వాక్యం మీరు చెప్పిందే పెట్టాం.

మిగిలిన ఇద్దరి దగ్గర ఇబ్బంది వచ్చింది మాస్టారూ. అన్నాచెల్లెళ్లు, ఆదోని వైపువాళ్లు. అక్కడి బడిలో వాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయట, ఇక్కడ ఎక్కిస్తుంటే తీసుకోవడం లేదు. తల్లిదండ్రులు ఊరికి వెళ్లాలంటే వారం కూలి పోతుంది. ఏం చేయాలి?


పావగడ మాస్టారు:

వాళ్లు వెళ్లనక్కర్లేదమ్మా. అక్కడి ప్రధానోపాధ్యాయుడికి మేడమ్ బడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి, తీర్మానం కాపీ జతచేసి రిజిస్టర్ పోస్టులో పంపించాలి. ముందు ఫోన్ చేసి మాట్లాడితే ఇంకా తొందరగా అవుతుంది. మీరే తెలుగులో మాట్లాడండి, పిల్లలు ఇక్కడ రోజూ బడికి వస్తున్నారని చెప్పండి. అక్కడ ఆన్‌లైన్‌లో పేరు వదిలితేనే ఇక్కడ పడుతుంది. పిల్లల పేర్లు, తల్లి పేరు అక్కడి రిజిస్టర్‌లో ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం అడిగి రాసుకోండి, ఇక్కడా అలాగే ఎక్కించండి. ఉత్తరం పంపిన రసీదు జాగ్రత్త. అప్పటిదాకా ఆ ఇద్దరి పేర్లూ చేత్తో హాజరు పట్టీ చివర రాసి రోజూ హాజరు వేయమనండి.